డబ్బింగ్ గారికి ఒక ప్రేక్షకుడి విన్నపం

మహారాజశ్రీ డబ్బింగ్ గారికి,

టీవీలో మీ సినిమా నడుస్తుండగానే ఇది రాస్తున్నాను. హీరో పెదవులు ఇంకా తమిళంలో ఆడుతూనే ఉన్నాయి, తెలుగు డైలాగు మాత్రం ఎప్పుడో అయిపోయింది. అంతా మీ దయ.

మాటంటే చెవితో వినేదేనని మీ గట్టి నమ్మకంలా ఉంది. పాలు తాగే పిల్లలకు కూడా అంత అమాయకత్వం లేదండీ. 1982లో పాట్రీషియా కూల్, ఆండ్రూ మెల్ట్‌జాఫ్ అనే పరిశోధకులు నాలుగైదు నెలల పసివాళ్లకు తెర మీద రెండు ముఖాలు చూపించారు. ఒకటి "ఆ" అంటోంది, రెండోది "ఈ". ఏ శబ్దం వినిపిస్తే ఆ నోటినే పిల్లలు ఎక్కువసేపు చూశారు. ట్యూషన్ లేకుండా ఉయ్యాల్లోనే మొదలుపెట్టిన ఈ చదువును మీరు రెండున్నర గంటల్లో మరిపించేస్తున్నారు.

ఇంకో సంగతి మీ ఇంటి గుట్టే. 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ "గా" అంటున్న పెదవులకు "బా" అనే గొంతు అతికించారు. పెద్దవాళ్లలో దాదాపు అందరికీ "దా" అని వినిపించింది. అక్కడ ఎవరూ అనని మాట! కళ్లు మూసుకుంటే మళ్లీ "బా"యే. చిన్నపిల్లలు అంతగా బోల్తా పడలేదు, పెద్దలకన్నా వాళ్లు చెవినే ఎక్కువ నమ్మారు. కాబట్టి మీ కార్టూన్లను పిల్లలు మెచ్చుకున్నారని పొంగిపోకండి.

ప, బ, మ దగ్గర మీ రచయితలు పడే పాట్లు నాకు తెలుసు. తెర మీద పెదవులు కలిస్తే, పెదవులు కలిసే అక్షరమే పడాలి. తమిళంలోనూ అమ్మ అమ్మే కాబట్టి మదర్ సెంటిమెంట్ సీన్లు గట్టెక్కిపోతాయి. నోరు మూయకుండా అరిచే విలన్లతోనే చిక్కు. పెదవి తగలకుండా నిరోష్ఠ్య కావ్యాలు రాసిన మన పాత కవులు ఈ రోజుల్లో ఉంటే మీ దగ్గర బోలెడు పని దొరికేది. హీరో వెనక్కి తిరిగాడంటే మాత్రం మీకు పండగే, ఒరిజినల్‌లో లేని పంచ్‌లు కూడా వీపులోంచి వచ్చేస్తాయి.

ఒక్కటే కోరిక. తేడా తప్పదంటే గొంతును కాస్త ఆలస్యంగా రానివ్వండి. మెరుపు తర్వాత ఉరుము వినడం మాకు అలవాటే. టీవీ ప్రసారాల అంతర్జాతీయ ప్రమాణాల లెక్కలో శబ్దం సుమారు 125 మిల్లీసెకన్లు వెనకబడేదాకా మనిషి పసిగట్టడు. ముందుకొస్తే 45కే దొరికిపోతుంది. మీ హీరోయిన్ ఇందాక పెదవి విప్పకముందే "నాకిష్టమే" అనేసింది. హీరో ఇంకా అడగనేలేదు.

ఇట్లు,
చెవులతో పాటు కళ్లు కూడా ఉన్న ఒక ప్రేక్షకుడు