అడగాలా, అడక్కుండా కనిపెట్టుకోవాలా?

ఒడిశాలోని గుణుపురంలో ఓ తెలుగింట్లో పదహారేళ్ల కుర్రాడు "నేను లేకపోతే మీకు బరువు తగ్గుతుంది" అన్నాడనుకుందాం. ఇంట్లోవాళ్లు ఏం చెయ్యాలన్నదే వాదం. ఒక పక్క మావయ్య, రెండో పక్క ఆసుపత్రిలో నర్సుగా చేసే కోడలు.

మావయ్య: "చచ్చిపోవాలనుందా" అని కన్నతల్లి నోటితో అడగమంటావేటమ్మా? లేని ఆలోచన ఎక్కించినట్టు కాదూ?

కోడలు: అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు మావయ్యా, పరిశోధనల్లో తేలిందదే. ఉన్నవాడికైతే దించుకునే చోటు దొరుకుతుంది. కానీ అడిగే తీరుంది. "పిచ్చి ఆలోచనలేం లేవుగా?" అంటే జవాబు మనమే చెప్పేసినట్టు. "లేవమ్మా" అని తలుపేసుకుంటాడు. అన్నాలయ్యాక, చెల్లెలు పక్కన లేనప్పుడు, "వారం నుంచి సరిగా తినట్లేదు, నిద్రపోవట్లేదు. చచ్చిపోవాలనిపిస్తోందా?" అని ఆ మాటతోనే అడగాలి. అడిగాక మనం నోరు మూసుకోవాలి. కష్టమంతా అక్కడే.

మావయ్య: "అవును" అంటే? ఏ తల్లి ఏడవకుండా ఉంటుంది?

కోడలు: ఏడిస్తే తప్పులేదు. "నీకేం తక్కువ చేశాం" అనకూడదు. ఒట్టు వేయించుకోకూడదు. మళ్లీ అనిపించిననాడు ఒట్టు తప్పానని దాచేస్తాడు. "చెప్పి మంచిపని చేశావు" అని, ఎలా చెయ్యాలో అనుకున్నావా, ఎప్పుడు చెయ్యాలో అనుకున్నావా, ఇదివరకు ప్రయత్నించావా అని నెమ్మదిగా అడగాలి. వీటిలో ఒక్కదానికి అవునన్నా ఒంటరిగా వదలకుండా ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇప్పుడే ఏదైనా చేసుకునేలా ఉంటే 108.

మావయ్య: పత్తికి కొట్టే మందు ఇంట్లోనే ఉంటుంది. సాగు మానేస్తామేటి? చావాలనుకున్నవాడికి దారులు బోలెడు.

కోడలు: ఈ మాటే ప్రమాదం. చచ్చిపోవాలనే ఆ ఉద్ధృతి చాలామందిలో కొన్ని గంటల్లో, ఒక్కోసారి నిమిషాల్లో తగ్గుతుంది. చేతికేమీ అందకపోతే ఆ కాసేపు గడిచిపోతుంది. శ్రీలంకలో బాగా విషపూరితమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వస్తే, 1995 తర్వాతి ఇరవయ్యేళ్లలో ఆత్మహత్యల రేటు సగానికి పైగా పడిపోయింది. కాబట్టి ఆ పూట పిచికారీకి కావలసినంతే కొనండి. మిగిలితే వేరేవాళ్ల ఇంట్లో తాళంలో ఉంచండి. తాళంచెవి దేవుడి పటం వెనక పెడతారు, ఇంట్లో పిల్లలకు తెలియని గూడుంటుందా? తాతగారి బీపీ, షుగరు మాత్రలూ అంతే, పెద్దవాళ్లే తీసి ఇవ్వాలి. ఫోను మాత్రం లాక్కోకండి. అర్ధరాత్రి వాడు మాట్లాడగలిగే స్నేహితుడు అందులోనే ఉన్నాడు.

మావయ్య: పోలీసు కేసైతే?

కోడలు: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను ప్రకారం, ప్రయత్నించినవాళ్లు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు. పోలీసులు వచ్చి వివరాలు రాసుకోవచ్చు. ఆ భయంతో ఆసుపత్రికి ఆలస్యం చెయ్యకండి.

మావయ్య: సరే. అక్కడ డాక్టరు ఒడియాలో అడుగుతాడు. మన గుంటడు బడిలో ఒడియా చదివాడు గానీ, బెంగ తెలుగులోనే కదా పడతాడు?

(ఈ మాటకి కోడలు వెంటనే బదులివ్వలేదు. ఇక్కడ మావయ్యదే పైచెయ్యి.)

కోడలు: నిజమే. అందుకే వెళ్లేముందు వాడన్న మాటలు వాడన్నట్టే తెలుగులో రాసుకెళ్లాలి, ఒడియా బాగా వచ్చినవాళ్లు లోపల పక్కన ఉండాలి. వాడు ఒప్పుకున్నవాళ్లే. టెలిమానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి ఉంది, 14416 నంబరుకి చేస్తే భాష ఎంచుకోమంటుంది, తెలుగూ ఉంది. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, ఇరవైనాలుగు గంటలూ ఉచితం. తల్లిదండ్రులూ చెయ్యొచ్చు.

మావయ్య: ఆపైన జీవితాంతం మాత్రలు మింగాలా?

కోడలు: అందరికీ మాత్రలు రాయరు. రాస్తే గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారాల్లో కొందరు కుర్రాళ్లలో అలజడి పెరగొచ్చు, అప్పుడే ఎక్కువ కనిపెట్టుకోవాలి. నిద్ర పట్టకపోయినా, కుదురు లేకపోయినా వెంటనే డాక్టరుకి చెప్పాలి. బాగున్నాడు కదా అని మనంతట మనం ఆపేయకూడదు.

మావయ్య: వీధిలో అడిగితే ఏం చెప్పుకుంటాం?

కోడలు: అది వాణ్ణే అడగండి మావయ్యా. బడిలో ఒక మాస్టారికి, ఇంట్లో ఇద్దరికి తెలిస్తే మంచిది. ఎవరికి తెలియాలో వాడే చెబుతాడు. మిగతావాళ్లకి "ఒంట్లో బాలేదు, చూపిస్తున్నాం" అంటే సరిపోతుంది.

మావయ్య: ఆ ఇద్దరిలో నేనుండను. నాకు నోరాగదు.