ఊరి పాటకు ఊళ్ళోనే చోటు

చలి వదిలి, ఎండ ఇంకా ముదరని రోజులు ఏడాదిలో ఎన్నో ఉండవు. ఆ కొద్ది వారాలూ సాయంత్రమైతే ఎవరికీ ఇంట్లో కాలు నిలవదు. పార్కుల్లో బెంచీలు నిండిపోతాయి. నడకకు వచ్చినవాళ్ళు నడక మానేసి కబుర్లలో పడతారు. చీకటి పడినా పిల్లలు ఇంటికి రామని మొరాయిస్తారు. పిలవకుండానే జనం బయటికొచ్చే కాలం ఇది. అలా వచ్చిన జనానికి మన చిన్న నగరాలు ఏం వినిపిస్తున్నాయి?

చాలాచోట్ల ఒకటే తంతు. ఏడాదికోసారి పెద్ద మైదానంలో పెద్ద స్టేజీ కడతారు. మహానగరం నుంచి పేరున్న గాయకుణ్నో బ్యాండునో రప్పిస్తారు. ఒక్క రాత్రితో వసంతోత్సవం అయిపోయిందనిపిస్తారు. బడ్జెట్ మొత్తం ఆ రాత్రికే ఖర్చవుతుంది. మర్నాడు పొద్దున మైదానంలో ఖాళీ సీసాలు, విరిగిన కుర్చీలు మిగులుతాయి. అదే ఊళ్ళో ఏళ్ళ తరబడి పిల్లలకు వయొలిన్ నేర్పుతున్న మాస్టారికి ఆ స్టేజీ మీద చోటుండదు. ఆయన దగ్గర నేర్చుకునే పిల్లల్లో చాలామందికి టికెట్టు కొనే స్తోమత ఉండదు. ఈ పద్ధతి మారాలని మేము కోరుతున్నాం. ఒక్క రాత్రికి పోసే డబ్బును వసంతకాలపు సాయంత్రాలన్నిటికీ పంచాలి. ఒక పెద్ద స్టేజీ బదులు ఊరు నలుమూలలా చిన్న చిన్న చోట్లు ఏర్పాటు చేయాలి. వాటిలో మొదటి అవకాశం ఊరి కళాకారులకు ఇవ్వాలి, ఇచ్చి డబ్బు చెల్లించాలి.

పెద్ద పేర్లతో మాకు పేచీ లేదు. మంచి గాయకుడు ఊరికి వస్తే మేమూ వెళ్ళి వింటాం. కానీ సంగీతం వినగా వినగా చెవికి పట్టేది. ఏడాదికి ఒక్కసారి విన్నవాడు ప్రేక్షకుడిగానే ఉండిపోతాడు. వారం వారం విన్నవాడు ఒకరోజు పక్కవాడితో ‘ఇవాళ డ్రమ్స్ కుర్రాడు కాస్త తొందరపడ్డాడు’ అంటాడు. ఆ మాట అన్ననాడే ఊళ్ళో శ్రోత పుట్టినట్టు.

స్టేజీ లేకుండా పండుగ ఎలా అంటారా? అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో ఇథాకా అనే చిన్న నగరం ఉంది. 2007లో అక్కడ ఇరుగుపొరుగు మహిళలిద్దరికి ఒక ఆలోచన వచ్చింది. వీధి పొడుగునా ఇళ్ళకు అరుగులున్నాయి, పాడేవాళ్ళున్నారు, వినేవాళ్ళున్నారు, ఇక వేరే స్టేజీ ఎందుకని. ‘పోర్చ్‌ఫెస్ట్’ అలా మొదలైంది. ఇంటివాళ్ళు అరుగు ఇస్తారు, కళాకారులు దాని మీద కూర్చుని వాయిస్తారు, జనం వీధిలో నిలబడో గడ్డి మీద చతికిలబడో వింటారు. తర్వాత ఇది ఎన్నో ఊళ్ళకు పాకింది. బోస్టన్ పక్కనే ఉన్న సోమర్‌విల్‌లో మే నెలలో జరుపుతారు. అక్కడి ఏర్పాటు మాకు ఎంతో నచ్చింది. నగరాన్ని మూడు భాగాలు చేసి ఒక్కో భాగానికి రెండేసి గంటలు కేటాయిస్తారు. మధ్యాహ్నం పడమటి వీధుల్లో మొదలైన పాట నడిబొడ్డు మీదుగా సాయంత్రానికి తూర్పు వీధులు చేరుతుంది. దీనివల్ల రెండు మేళ్ళు. ఏ వీధికీ రోజంతా మోత ఉండదు. తన వంతు అయిపోయిన కళాకారుడు గిటారు భుజాన వేసుకుని పక్క పేటకు వెళ్ళి తోటివాళ్ళ పాట వినగలడు.

ఇందులో ఖరీదైనది ఏదీ లేదు. ఒక పటం, ఒక టైమ్ టేబుల్, సరేనన్న ఇంటివాళ్ళ జాబితా. అరుగులు లేని ఊళ్ళో గ్రంథాలయం మెట్లున్నాయి, బడి ఆవరణ ఉంది, సాయంత్రం మూసేసే ఆఫీసుల ముందు ఖాళీ జాగా ఉంది.

వాయించేవాళ్ళు ఊళ్ళో ఎంతమంది ఉంటారులే అనుకునేవారికి ఫ్రాన్స్ అనుభవం చెప్పాలి. 1982లో ఆ దేశపు సాంస్కృతిక శాఖ జరిపిన సర్వేలో యువతలో ప్రతి ఇద్దరిలో ఒకరికి ఏదో ఒక వాద్యం వచ్చునని తేలింది. ఇంతమంది ఇళ్ళల్లో తలుపులు వేసుకుని వాయించుకుంటున్నారన్నమాట. వాళ్ళందరినీ వీధిలోకి పిలవాలని మంత్రి జాక్ లాంగ్, సంగీత విభాగం డైరెక్టర్ మారిస్ ఫ్లూరే నిర్ణయించారు. వసంతం ముగిసి వేసవి మొదలయ్యే జూన్ 21న ఆ ఏడాది తొలి సంగీత దినోత్సవం జరిగింది. ప్రవేశం ఉచితం, వేదిక వీధి. ఇవాళ వందకు పైగా దేశాల్లో ఆ రోజు జరుపుకుంటున్నారు. మన నగరాల్లోనూ బ్యాంకు కౌంటర్ వెనక, మెడికల్ షాపులో, బడిలో, రిటైరై ఇంట్లో కూర్చున్నవాళ్ళలో వాయించేవాళ్ళు తప్పకుండా ఉంటారు. వాళ్ళను అడిగినవాళ్ళు లేరు, అంతే.

అయితే ఆ ఒక్క రోజు సరదాగా, ఉచితంగా వాయించడం వేరు. సీజన్ మొత్తం ఉచితంగానే వాయించమనడం వేరు. ‘మీకు ప్రచారం వస్తుంది కదా’ అనే మాట ఊరి కళాకారులు విని విని విసిగిపోయారు. టెంటు వేసినవారికి డబ్బు ముడుతుంది. మైకు సెట్టు తెచ్చినవారికి ముడుతుంది. జనరేటర్‌కు ముందే అడ్వాన్సు ఇస్తారు. అందరూ ఎవరిని వినడానికి వచ్చారో వాళ్ళకు మాత్రం చప్పట్లు, ఒక గ్రూప్ ఫొటో. ఇది అన్యాయం. రిహార్సల్స్‌కు పోయిన సాయంత్రాలు, తెగిన తీగలు, వాద్యాన్ని మోసుకొచ్చిన ఆటో చార్జీ, అన్నీ వాళ్ళ జేబులోంచే పోతున్నాయి. చిన్న మొత్తమైనా సరే, కార్యక్రమం అయిన రోజే చేతికి అందాలి.

డబ్బెక్కడిది అంటే దారులున్నాయి. ఫ్రాన్స్‌లో పాప్, రాక్ వంటి సంగీత ప్రదర్శనల టికెట్ల మీద 3.5 శాతం వసూలు చేస్తారు. 2020లో ఏర్పడిన జాతీయ సంగీత కేంద్రం ఆ డబ్బును తిరిగి సంగీత రంగానికే వెచ్చిస్తుంది. బ్రిటన్‌లో చిన్న సంగీత వేదికలు 2023 ఒక్క ఏడాదిలోనే 125 పోయాయని వాటి తరఫున పనిచేసే ట్రస్టు లెక్క చెప్పింది. స్టేడియంలలో జరిగే భారీ కచేరీల టికెట్ల నుంచి కొంత తీసి చిన్న వేదికలకు ఇవ్వాలన్న ప్రతిపాదనను 2024లో అక్కడి ప్రభుత్వం సమర్థించింది. ఇవాళ స్టేడియం నింపే గాయకుడు ఒకనాడు యాభై మంది ముందు భయంభయంగా పాడినవాడే. ఆ యాభై కుర్చీల గది లేకపోతే రేపటి గాయకుడికి తొలి మెట్టే లేనట్టు.

ఇక శబ్దం సంగతి. దీని మీదే ప్రతి ఊళ్ళో గొడవ. పక్కింట్లో పసిబిడ్డ ఉంటుంది, జబ్బుపడ్డ పెద్దాయన ఉంటారు, తెల్లవారుజామునే డ్యూటీకి వెళ్ళేవాళ్ళు ఉంటారు. ఫిర్యాదు చేసినవాళ్ళంతా కళకు శత్రువులన్నట్టు మాట్లాడటం తప్పు. అలాగని ఒక్క ఫిర్యాదుకే మొత్తం కార్యక్రమాన్ని రద్దు చేయడమూ తప్పే. ఇక్కడ కోపం కంటే కాస్త భౌతికశాస్త్రం ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఆరుబయట ఒక స్పీకర్ నుంచి వచ్చే శబ్దం, దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కానీ వసంతకాలపు సాయంత్రానికి ఒక మెలిక ఉంది. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి లేని రోజున, పొద్దు గూకగానే నేల త్వరగా చల్లబడుతుంది. నేలను అంటుకున్న గాలి చల్లగా, పైన ఉన్న గాలి వెచ్చగా ఉంటుంది. అప్పుడు పైకి పోవలసిన శబ్దం వంగి మళ్ళీ కిందికే దిగుతుంది. మధ్యాహ్నం నాలుగింటికి సౌండ్ చెక్ చేసినప్పుడు రెండు వీధుల అవతల వినిపించని డ్రమ్, రాత్రి తొమ్మిదింటికి అదే వాల్యూమ్‌లో దూరపు కాలనీ కిటికీలకు తగులుతుంది. నిర్వాహకులు ‘మేం వాల్యూమ్ పెంచలేదు’ అంటారు, అది నిజం. కాలనీవాళ్ళు ‘మోత పెరిగింది’ అంటారు, అదీ నిజమే. పొద్దు గూకాక సౌండ్ చెక్ మళ్ళీ చేస్తే ఈ తగాదా సగం తీరిపోతుంది. ఒక పెద్ద స్పీకర్ల గోడ కట్టే బదులు జనం మధ్యలో చిన్న స్పీకర్లు నాలుగు పెడితే, తక్కువ శబ్దంతోనే అందరికీ వినిపిస్తుంది. గోడలు దాటి పోయేది ముఖ్యంగా బేస్, అంటే దిమ్మనే మంద్రధ్వని, కాబట్టి ముందు దాన్ని తగ్గించాలి. చివరి అరగంట మైకు లేకుండా పాడించి చూడండి. జనం తమంతట తామే దగ్గరికి జరిగి నిశ్శబ్దంగా వింటారు.

స్టేజీకి దగ్గరగా ఉన్నవాళ్ళ చెవుల గురించీ ఆలోచించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత వేదికలకు ప్రమాణాలు ప్రకటించింది. పదిహేను నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదని, శబ్దాన్ని ఎప్పటికప్పుడు కొలుస్తూ ఉండాలని, కాసేపు చెవులకు విశ్రాంతినిచ్చే ప్రశాంతమైన చోటు ఉండాలని చెప్పింది. స్పీకర్ ముందు గంతులేసే పిల్లల్ని చూసి మురిసిపోయే తల్లిదండ్రులు కూడా ఈ మాట చెవిన వేసుకోవాలి.

చల్లబడే సాయంత్రం వాయించేవాళ్ళనూ పరీక్షిస్తుంది. గాలి చల్లబడితే అందులో శబ్దవేగం తగ్గుతుంది: 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, సున్నా దగ్గర 331. అందుకే వేణువు శ్రుతి దిగుతుంది. లోహపు తీగ చల్లబడి బిగుసుకోవడంతో తంత్రీవాద్యం శ్రుతి పైకి పోతుంది. ఒకే పాటలో ఇద్దరూ చెరో వైపు జారిపోతారు. పాటకూ పాటకూ మధ్య వేణువు వాయించే అమ్మాయి వెదురును రెండు అరచేతుల మధ్య పట్టుకుని, సవ్వడి రాకుండా లోపలికి వెచ్చటి ఊపిరి వదులుతూ ఉంటుంది. పక్కన వయొలిన్ అబ్బాయి చెవిని తీగకు ఆనించినంత పని చేసి, బిరడాను వెంట్రుకవాసి తిప్పుతాడు. ఆ రెండు నిమిషాలూ మనం ఫోన్లు తీయకుండా ఓపిక పడితే చాలు, తర్వాతి పాట శ్రుతిలో ఉంటుంది.

వేదికల రక్షణకు చట్టం కూడా తోడు కావాలి. ఏళ్ళుగా కచేరీలు జరిగే హాలు పక్కన కొత్తగా అపార్ట్‌మెంట్ కడతారు. అందులో దిగినవాళ్ళు ఆర్నెల్లకే హాలు మూయించమంటారు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2014లో దీనికో న్యాయమైన పద్ధతి పెట్టింది. తర్వాత వచ్చినవారిదే బాధ్యత. కొత్తగా ఇళ్ళు కట్టేవారు శబ్దం చొరబడని కిటికీలు, గోడలు కట్టాలి. పాత ఇళ్ళ పక్కన కొత్తగా వేదిక పెట్టేవారైతే ఆ ఖర్చు వారే భరించాలి. ఇంగ్లాండ్ 2018లో దీన్ని తన ప్రణాళికా విధానంలో చేర్చింది. నగరపాలక సంస్థలు దీన్ని వెంటనే అందిపుచ్చుకోవాలి. అనుమతుల విషయంలోనూ ఇంతే. మైకు లేకుండా ముప్పై మంది వినే కార్యక్రమానికీ ముప్పై వేల మంది వచ్చే కచేరీకీ అవే ఫారాలు, అవే సంతకాలు ఎందుకు? చిన్నవాటికి ముందుగా సమాచారం ఇస్తే చాలనాలి.

పట్టుదల ఉంటే చిన్న ఊరు ఎంతవరకు వెళ్తుందో ఇంగ్లాండ్ తూర్పు తీరంలోని ఆల్డ్‌బరా చూపించింది. సంగీతకర్త బెంజమిన్ బ్రిటెన్, గాయకుడు పీటర్ పియర్స్, వాళ్ళ మిత్రుడు ఎరిక్ క్రోజియర్ 1948లో ఆ సముద్రతీరపు చిన్న పట్టణంలో ఉన్న హాల్లోనే, ఉన్న చర్చిలోనే జూన్ సంగీతోత్సవం మొదలుపెట్టారు. దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత, 1967లో, దగ్గర్లోని పాత ధాన్యపు కట్టడాన్ని కచేరీ హాలుగా మార్చుకున్నారు. 1969 ఉత్సవం తొలి రాత్రే అది కాలిపోయింది. ఉత్సవం ఆగలేదు, కార్యక్రమాలను చుట్టుపక్కల ఉన్న వేరే చోట్లకు మార్చి జరిపారు. మరుసటి ఏడాది ఉత్సవానికల్లా హాలు మళ్ళీ లేచి నిలబడింది. అప్పటికి ఇరవై వసంతాలుగా పాటకు అలవాటుపడ్డ ఊరు అది.

ఇవన్నీ వసంతం వచ్చాక మొదలుపెడితే కుదరవు. చలికాలంలోనే కూర్చుని తేదీలు, చోట్లు ఖరారు చేయాలి. వాన పడితే ఎక్కడికి మారతామో పోస్టర్ మీదే వేయాలి. పెద్దవాళ్ళకు కుర్చీలు, వీల్‌చెయిర్ వచ్చే దారి, తాగునీరు, శుభ్రమైన మరుగుదొడ్లు ఉన్నాయో లేదో చూడాలి. చివరి బస్సు వెళ్ళిపోకముందే కార్యక్రమం ముగించాలి.

పత్రికలుగా మా వంతు తప్పూ ఉంది. పేరున్న గాయకుడు వస్తున్నాడంటే వారం ముందు నుంచి ఫొటోలు వేస్తాం. ఊరి పిల్లల కచేరీకి మర్నాడు రెండు లైన్లు రాస్తే గొప్ప. అది అయిపోయాక చదివిన పాఠకుడు వెళ్ళి వినేదెలా? ఈ వసంతం నుంచి నగరం పేజీలో ప్రతి శుక్రవారం ఆ వారాంతపు కార్యక్రమాలకు చోటు కేటాయిస్తున్నాం. ఎవరు పాడుతున్నారు, ఎక్కడ, ఎన్ని గంటలకు, ఈ మూడు వివరాలూ బుధవారం సాయంత్రంలోగా మా కార్యాలయానికి చేర్చండి. ఎంత చిన్న కార్యక్రమమైనా వేస్తాం, డబ్బు తీసుకోం.