కార్డులు కోట్లలో, కాగితాలు కవర్లో

మన ఇళ్లలో బీరువా మీదో, మంచం కింద ట్రంకు పెట్టెలోనో ఒక కవరు ఉంటుంది. ఏ బట్టల షాపువాళ్లో ఇచ్చిన కవరే. అందులో ఏడేళ్ల కిందటి ఎక్స్‌రే, డిశ్చార్జి సమ్మరీ, మూడు ఊళ్ల ల్యాబుల రిపోర్టులు, మందుల చీటీలు, మధ్యలో ఎలా చేరిందో ఒక కరెంటు బిల్లు. ఈసీజీ కాగితం మీద గీతలు ఎప్పుడో వెలిసిపోయాయి, అయినా పారేయరు. పెద్దాసుపత్రికి వెళ్లేరోజు దాన్ని చంకలో పెట్టుకుని తెల్లవారుజామునే బస్సెక్కుతారు. తీరా అక్కడ డాక్టరు గారు కవరు వైపు ఒక చూపు చూసి, "ఇవన్నీ పాతవమ్మా, మళ్లీ చేయించుకురండి" అని చీటీ రాసిస్తారు.

ఈ కవరు బాధ తీరుస్తామని కేంద్రం చెప్పి ఐదేళ్లు దాటింది. 2020 ఆగస్టు 15న ఎర్రకోట మీంచి ప్రధాని ప్రకటించారు, మొదట ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో ప్రయోగం చేశారు, 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ పేరుతో దేశమంతటికీ తెచ్చారు, ఐదేళ్లకు 1,600 కోట్ల రూపాయలు కేటాయించారు. ఈ పథకం కింద ఒక్కో మనిషికీ, అతని వైద్య రికార్డులన్నీ జతచేయడానికి ఇచ్చే 14 అంకెల ఆభా నంబర్లు ఇప్పటికి 70 కోట్లు దాటాయి. ఏ సమావేశంలో చూసినా తెర మీద ఈ అంకె కనిపిస్తుంది, చప్పట్లు మోగుతాయి. మా ప్రశ్న ఒక్కటే. ఒక ఆసుపత్రిలో పుట్టిన రిపోర్టును రోగి అనుమతితో ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు తెరిచి చూసి దాన్నిబట్టి వైద్యం చేసిన సందర్భాలు ఎన్ని? ఆ అంకెను మాత్రం ఏ తెర మీదా వేయరు.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి, ఈ పథకం కట్టడం బాగుంది. చాలామంది అనుకుంటున్నట్టు మన రోగాల చిట్టా అంతా తీసుకెళ్లి ఢిల్లీలో ఒక కంప్యూటర్లో పోయడం లేదు. రికార్డు ఏ ఆసుపత్రిలో తయారైతే అక్కడే ఉంటుంది. కొత్త డాక్టరు చూడాలనుకుంటే మన ఫోనుకు అడుగుతూ మెసేజ్ వస్తుంది, ఏ రిపోర్టు చూపించాలి, ఎన్నాళ్లు చూపించాలి అన్నది మనమే ఎంచుకుని సరే అంటే అప్పుడు తాళం వేసిన పెట్టెలాగా ఆ రిపోర్టు ఒక్కటే అక్కణ్నుంచి ఇక్కడికి వస్తుంది. కావాలంటే వెనక్కి తీసుకోవచ్చు. అసలు ఆభా తీసుకోవడమే ఐచ్ఛికం. దీని రూపరేఖలు గీసిన 2019 నాటి కమిటీకి నాయకత్వం వహించింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ అధికారిగా పనిచేసిన జె. సత్యనారాయణ. కాగితం మీద వంక పెట్టడానికి పెద్దగా లేదు.

మరి ఎక్కడ ఆగింది?

దీన్ని యూపీఐతో పోలుస్తుంటారు, వైద్యానికి యూపీఐ అని. పోలిక వినడానికి బాగుంటుంది గానీ అసలు చోటే తప్పింది. కిరాణా కొట్టు ఆయన క్యూఆర్ కోడ్ అట్ట ఎందుకు వేలాడదీశాడు? స్కాన్ చేస్తే డబ్బులు ఆయనకు వస్తాయి కాబట్టి. ఆసుపత్రికి రిపోర్టు బయటికి పంపితే ఏం వస్తుంది? రోగి పోతాడు, అంతే. సీటీ స్కాన్ ఒక చోట తీశాక రెండో చోట తియ్యక్కర్లేదంటే, ఆ రెండో చోటి యంత్రం మీద పెట్టిన పెట్టుబడి ఎలా తిరిగి రావాలి? కఠినంగా ఉందనిపిస్తే అనిపించనివ్వండి, ప్రైవేటు వైద్యంలో లెక్క ఇదే. మా డెస్కులో పనిచేసే ఒకాయన తండ్రిని పోయినేడు జిల్లా కేంద్రంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి హైదరాబాద్‌లో ఇంకో పెద్ద ఆసుపత్రికి తెచ్చారు. స్కాన్ సీడీ చేతికిచ్చారు. ఇక్కడ కౌంటర్లో ఉన్న అమ్మాయి దాన్ని పెట్టి చూసి, ఓపెన్ కావట్లేదు సార్ అంది. ఏ సాఫ్ట్‌వేర్ కావాలో ఎవరికీ తెలియదు. రాత్రి పదకొండింటికి పెద్దాయన్ని మళ్లీ స్కాన్ గదిలోకి తోశారు, మళ్లీ బిల్లు. రెండు ఆసుపత్రుల గోడల మీదా ఆభా పోస్టర్లు ఉన్నాయని ఆయన చెప్పి నవ్వాడు. ఆ నవ్వులో సరదా ఏమీ లేదు.

ప్రభుత్వం ఈ సంగతి గ్రహించకపోలేదు. 2023 జనవరిలో ఒక ప్రోత్సాహక పథకం పెట్టింది, రికార్డులు జతచేసే ఆసుపత్రులకూ ల్యాబులకూ సాఫ్ట్‌వేర్ కంపెనీలకూ 4 కోట్ల రూపాయల దాకా ఇస్తామంది. అయితే ఇక్కడో మెలిక ఉంది. ఓపీ చీటీని ఫొటో తీసి పీడీఎఫ్‌గా పెట్టినా అదీ రికార్డే. డాక్టరు గారి గొలుసుకట్టు రాత ఫోనులోకి ఎక్కినంత మాత్రాన అర్థమవుతుందా, దాన్నుంచి కంప్యూటర్ ఏం ఏరుకుంటుంది? ఇక పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో ఆభా పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ ఒక్కటే. స్కాన్ చేస్తే పేరూ వయసూ వెళ్తాయి, టోకెన్ వస్తుంది. 2022 అక్టోబరులో ఢిల్లీలోని లేడీ హార్డింజ్ ఆసుపత్రిలో మొదలైన ఈ పద్ధతి లైన్లో నిలబడే బాధ తగ్గించింది, మంచిదే. కానీ టోకెన్ వేరు, వైద్య చరిత్ర వేరు.

కొంచెం లోపలికి చూస్తే గానీ ఈ పని ఎంత కష్టమో తెలియదు. ఉద్దానం సంగతే తీసుకోండి. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస వైపు ఊళ్లలో కిడ్నీ జబ్బు ఇన్నేళ్లుగా మనుషుల్ని తింటోంది, కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. అక్కడ ఏ ఇంటికి వెళ్లినా క్రియాటినిన్ (రక్తంలో ఇది పెరిగిందంటే కిడ్నీ దెబ్బతింటున్నట్టు) అనే మాట చదువురాని ముసలమ్మ నోట కూడా వినిపిస్తుంది, "నాకు మూడు దాటింది బాబూ" అంటుంది, బంగారం ధర చెప్పినంత తేలిగ్గా. ఈ జబ్బులో ఒక్క రిపోర్టు పెద్దగా ఏమీ చెప్పదు. ఏడాది కిందట 1.4, ఆర్నెల్ల కిందట 1.9, ఇప్పుడు 2.8 అని వరసగా పెట్టి చూస్తేనే వేగం తెలుస్తుంది, డయాలసిస్ ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. ఆ మూడు అంకెలూ మూడు చోట్ల ఉంటాయి. ఒకటి ఊళ్లో పెట్టిన క్యాంపులో తీసింది, ఒకటి బజారు ల్యాబులో, ఒకటి విశాఖ కేజీహెచ్‌లో. ఒక ల్యాబు సీరం క్రియాటినిన్ అని పూర్తిగా రాస్తుంది, ఒకటి పొడి అక్షరాలు వేస్తుంది. ఒక యంత్రం మిల్లీగ్రాముల్లో చెబితే ఇంకొకటి మైక్రోమోళ్లలో చెప్పొచ్చు, అప్పుడు 1.4 కాస్తా 124 అవుతుంది. ఇవన్నీ ఒకే పరీక్ష అని కంప్యూటర్‌కు తెలియాలంటే ప్రతి ల్యాబూ ఒకే సంకేత భాషలో రాయాలి. ఆ ప్రమాణాలు మన దగ్గర లేక కాదు, ఎలక్ట్రానిక్ రికార్డులకు 2013లోనే ప్రమాణాలు ప్రకటించి 2016లో సవరించారు. పాటించమని పట్టుబట్టినవాళ్లే లేరు.

ఇది చాలదన్నట్టు పేర్ల గొడవ. లక్ష్మిని ఇంగ్లీషులో ఒకరు ‘కెఎస్‌హెచ్’తో రాస్తారు, ఒకరు ‘ఎక్స్’తో. ఇంటిపేరు ఒక చోట ముందు, ఒక చోట వెనక, ఇంకో చోట ఒక్క అక్షరం. అదే లక్ష్మి కొడుకు చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్ వెళ్తాడు, ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడే. పాలమూరు కూలీ ముంబయిలో ఉంటాడు. రాష్ట్రంలో మాత్రమే పనిచేసే వ్యవస్థ వీళ్లకు అక్కరకు రాదు, అందుకే దేశమంతా ఒకే అల్లిక ఉండాలని మేమూ గట్టిగానే అంటున్నాం. నంబరు ఉండాల్సిందే.

కానీ ఆ నంబరు ఇచ్చిన తీరు ఎలా ఉంది? 2021లో కోవిడ్ టీకాకు వెళ్లి ఆధార్ చూపించిన ఎంతోమందికి వాళ్లకు తెలియకుండానే హెల్త్ ఐడీ (ఆభాకు అప్పటి పేరు) తయారైపోయింది. సర్టిఫికెట్ మీద కొత్త నంబరేదో చూసి ఇదేంటని అడిగినవాళ్లున్నారు. అలా తయారైన ఐడీలనూ కలిపి లెక్క చెబుతుంటే చప్పట్లు కొట్టడానికి మాకు చేతులు రావు. ఇక ఓటీపీ. అనుమతి అంటే ఓటీపీ చెప్పడమే అయిపోయింది. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్ ఫోను కొడుకు దగ్గరో అల్లుడి దగ్గరో ఉంటుంది. కోడలికి గర్భం పోయిన సంగతో, టీబీ ఉన్న సంగతో, మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లిన సంగతో ఆ ఫోనులోకే వస్తుంది. కౌంటర్ దగ్గర వెనక ముప్పై మంది నిలబడి ఉండగా "ఓటీపీ చెప్పమ్మా, తొందరగా" అంటే ఆమె చెప్పేస్తుంది. దేనికి సరే అందో ఆమెకు తెలియదు, అడిగిన ఆపరేటర్‌కూ తెలియదు. తెలుగులో చదివి వినిపించని అనుమతిని అనుమతి అనడం మోసమే.

భద్రత మీద జనానికి టెన్షన్ ఉందంటే ఊరికే లేదు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి, దేశంలోకెల్లా పేరున్న ఆ ఆసుపత్రి దాదాపు రెండు వారాలు కాగితం కలంతో నడిచింది. మరుసటి ఏడు జూన్‌లో టీకా వివరాలు టెలిగ్రామ్‌లో నంబరు కొడితే బయటికొస్తున్నాయని గగ్గోలు పుట్టింది. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నిబంధనలు రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది, ముఖ్యమైన బాధ్యతలు అమలు కావడానికి ఇంకా గడువిచ్చారు. పాత ముసాయిదాలో ఆరోగ్య సమాచారాన్ని సున్నితమైనదిగా విడిగా చూశారు, చట్టంలో ఆ తేడా తీసేశారు. ఆరోగ్య సమాచారానికి ప్రత్యేక చట్టం తెస్తామని 2018లో ఒక ముసాయిదా వదిలారు గుర్తుందా? అది అటకెక్కింది.

అమెరికా ఈ దారిలో మనకంటే ముందు పడి లేచింది. పదేళ్లలో దాదాపు అందరికీ ఎలక్ట్రానిక్ రికార్డు అని 2004లో బుష్ అన్నారు, 2009 చట్టంతో వేల కోట్ల డాలర్లు ఆసుపత్రులకు పంచారు, కంప్యూటర్లు వచ్చాయి, రికార్డులు మాత్రం ఎవరి గోడల మధ్య వాళ్లవి ఉండిపోయాయి. చివరికి 2016లో, రోగి సమాచారాన్ని కావాలని అడ్డుకోవడమే తప్పు అని చట్టం చేయాల్సి వచ్చింది. దేశవ్యాప్త మార్పిడి వ్యవస్థ మొదలైంది 2023 డిసెంబరులో. చిన్న దేశం ఎస్టోనియా ఇంకో మంచి పని చేసింది. నా రికార్డు ఎవరు తెరిచారో, ఎప్పుడు తెరిచారో పౌరుడు తనే చూసుకోగలడు. (మాటలో మాట, అమీర్‌పేట సందుల్లో మెడికల్ కోడింగ్ నేర్చుకున్న మన పిల్లలు హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా రోగి జబ్బుకు కోడ్ వేసిస్తారు. గాంధీ ఆసుపత్రి రోగికి మాత్రం ఆ భాగ్యం ఎప్పుడో.)

మన రెండు రాష్ట్రాలూ ఖాళీగా కూర్చోలేదు. తెలంగాణ 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఇంటింటికీ వెళ్లి పరీక్షలు చేసి హెల్త్ ప్రొఫైల్ తయారుచేసింది. ఆంధ్రప్రదేశ్ 2025లో కుప్పంలో రోగుల వివరాలను డిజిటల్‌గా ఆసుపత్రులతో కలిపే డిజిటల్ నెర్వ్ సెంటర్ మొదలుపెట్టింది. కుప్పానికీ ములుగుకూ మేం వద్దనడం లేదు, కానీ ప్రభుత్వం మారినప్పుడల్లా కొత్త పేరు, కొత్త యాప్, కొత్త కార్డు. పాతదానిలో ఎక్కించిన బీపీ, షుగర్ అంకెలు ఏమయ్యాయని ఆశా వర్కర్‌ను అడగండి, ట్యాబ్ మార్చారండీ అంటుంది. ఒకే మనిషి బీపీని మూడు యాప్‌లలో మూడుసార్లు కొట్టేది ఆవిడే.

చేయాల్సినవి మరీ ఆకాశం నుంచి ఊడిపడేవేం కావు. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లోనే ఉంది. ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ కోసం తెచ్చిన క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద 2012లో చేసిన నియమాల్లో ప్రతి రోగికీ ఎలక్ట్రానిక్ రికార్డు పెట్టాలనీ ఉంది, ఆ చట్టం అన్ని రాష్ట్రాలకూ వర్తించదన్నది వేరే గొడవ. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ కింద ప్రభుత్వ సొమ్ము తీసుకునే ప్రతి ప్రైవేటు ఆసుపత్రికీ ఒక షరతు పెట్టొచ్చు: డిశ్చార్జి సమ్మరీ, ల్యాబ్ అంకెలు కంప్యూటర్ చదవగలిగే రూపంలో రోగి ఖాతాకు చేరితేనే బిల్లు పాస్ అవుతుంది. బిల్లు ఆగితే సాఫ్ట్‌వేర్ వారంలో దొరుకుతుంది. డాక్టరు ఓపీలో వంద మందిని చూస్తూ టైపు కొట్టలేరు, కాబట్టి పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టాలి, దానికి జీతం బడ్జెట్‌లో రాయాలి. ఎవరు తెరిచారో తెలిపే జాబితా తెలుగులో రోగి ఫోనుకు రావాలి. ఫోను లేనివాళ్లకు ఆసుపత్రిలోనే ప్రింటు తీసి ఇవ్వాలి.

మొదలుపెట్టడానికి చోటు కావాలంటే ఉద్దానమే ఉంది. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభించిన 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రభుత్వానివే. విశాఖలో కేజీహెచ్ ప్రభుత్వానిదే. ఊళ్లలో క్యాంపులు పెట్టిందీ ప్రభుత్వమే. అక్కడి అంకె ఇక్కడ కనిపించడానికి ఏ కార్పొరేట్‌నూ బతిమాలక్కర్లేదు, ఢిల్లీ నుంచి జీవో కోసం ఎదురుచూడక్కర్లేదు. ముసలమ్మ సరే అంటే చాలు. ఇన్నేళ్లలో ఎన్ని బృందాలు వచ్చి ఆమె రక్తం తీసుకెళ్లాయో, ఆ అంకెలన్నీ ఒకే తెర మీద ఒక గీతగా ఎంతమంది రోగుల విషయంలో చూడగలుగుతున్నారో వైద్య ఆరోగ్య శాఖ ఒక్క ప్రకటన ఇస్తే మొదటి పేజీలో వేస్తాం.