మేనత్త దానపత్రం, 362 బైట్లు

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీదికొచ్చినప్పుడు మా లాయరు సార్ ఆఫీసులో బీరువా కింది మూడు అరలూ మునిగాయి. నీళ్లు తీశాక గుమాస్తాగారు మిద్దె మీద చాపలు పరిచి, దస్తావేజులన్నీ అప్పడాల మాదిరి ఎండబెట్టారట. కాగితానికొక రాయి. కాకి వాలకుండా కర్ర పట్టుకుని కూర్చున్నారట. ఆ రోజు నుంచి ఆయనకు కాగితం మీద నమ్మకం పోయి స్కానరు మీద భక్తి కుదిరింది.

నేను ఆ ఆఫీసులో టైపింగు, కంప్యూటరు చూసుకునేవాణ్ని. స్కానింగు వరకు ఆయనతో ఏ పేచీ లేదు. పేచీ అంతా నామకరణంలోనే. నేను స్కాన్ చేసిస్తే పేరు మాత్రం ఆయనే పెట్టాలి. ఎదురుగా కుర్చీ వేసుకుని, కళ్లజోడు ముక్కు మీదికి దించి, ఒక్కో వేలితో ఒక్కో అక్షరం. టీ చల్లారిపోయేది, స్క్రీన్ ఆరిపోయేది, పేరు మాత్రం అయ్యేది కాదు.

"కట్ట విప్పకుండానే కథ తెలియాల అబ్బీ. ముప్పై ఏండ్లు కట్ట మీది చీటీలు రాసినోణ్ని, నాకు నేర్పుతావా?"

ఒక ఫైలుకు ఆయన పెట్టిన పేరు ఇదీ: "కల్లూరు పొలం పెద్దాయన రెండో భార్య మూడో కొడుకు మేనత్తకు రాసిచ్చినట్టు చెబుతున్న మేనత్త ఒప్పుకోని దానపత్రం నకలు రెండో పేజీ చిరిగినది". చివర చుక్క, పీడీఎఫ్. నిజం చెప్పొద్దూ, చదివితే దావా మొత్తం అర్థమైపోతుంది. ఆ పేరు చదివించి తీర్పు చెప్పమంటే జడ్జిగారు కూడా కాదనరేమో.

మొదట్లో ఆయన "విషయం:" అని మొదలుపెట్టేవారు. విండోస్ ఆ రెండు చుక్కలను ఒప్పుకోలేదు. సర్వే నంబరులో గీటు పెడితే దాన్నీ ఒప్పుకోలేదు. గీటు లేకుండా 234/2 ఎట్లా రాసేది? రెవిన్యూ వాళ్లకు లేని అభ్యంతరం వీడికెందుకని ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ గీటును నేనే కనిపెట్టానన్నట్టు.

సరే, అసలు గొడవ ఒక సోమవారం నాడు. పొద్దున పదకొండున్నర. ఉగ్గాణి తిన్న చెయ్యి ఇంకా తుడుచుకోలేదు, కోర్టు నుంచి జూనియర్ ఫోను.

"అన్నా, సార్ అడుగుతాండారు. మేనత్త దానపత్రం ప్రింటు తీసి పంపించు. మన కేసు ఇంకో అయిదు నిమిషాల్లో పిలుస్తారు."

అదెంత పని అనుకున్నా. ఫైలు కళ్ల ముందే ఉంది. పేరు మూడు వరుసల్లో నిండుగా కనిపిస్తోంది. రెండుసార్లు నొక్కాను. ఫైలు దొరకలేదంది. మళ్లీ నొక్కాను. దొరకలేదు. పెళ్లికూతురు పీటల మీద కూర్చునుంటే పిల్ల ఇంట్లో లేదని చెప్పినట్టుంది. కాపీ చేద్దామన్నా కాలేదు, పెన్‌డ్రైవ్‌లోకి లాగుదామన్నా రాలేదు. మా పాత డాక్యుమెంట్ సాఫ్ట్‌వేర్‌లో వెతికితే దానికి అసలు ఆ ఫైలున్న సంగతే తెలియదు.

నాకు చెమటలు. గుమాస్తాగారు నింపాదిగా వక్కపొడి నములుతున్నారు.

"సార్, నిన్న ఈ కంప్యూటరు ముట్టుకున్నారా?"

"ముట్టుకోవడమేంది? ఫోల్డరు పేరు బోడిగా ఉందని సరిచేసినా."

చూద్దును కదా, నిన్నటి దాకా "సివిల్" అని మూడక్షరాలతో ఉన్న ఫోల్డరు, ఇవాళ "2009 వరదలో తడిసి మిద్దె మీద ఎండబెట్టి స్కాన్ చేసిన సివిల్ దావాల కాగితాలు జాగ్రత్తగా చూడవలెను" అయి కూర్చుంది. అప్పుడు వెలిగింది నాకు. విండోస్ పాత కట్టుబాటు ప్రకారం డ్రైవు అక్షరం నుంచి ఫైలు పేరు చివరి దాకా, దారి మొత్తం 260 అక్షరాలు మించకూడదు. అందులోనూ ఒకటి కంటికి కనిపించని ముగింపు గుర్తుకు పోతుంది, మనకు మిగిలేది 259. ఫైలు మొదట సేవ్ చేసేటప్పుడు లెక్క సరిపోయింది. తర్వాత పై ఫోల్డరు పేరు పెంచితే విండోస్ కిక్కురుమనలేదు. లోపలున్న ఫైళ్లన్నీ మాత్రం హద్దు దాటిపోయాయి. 2016 నుంచి విండోస్ 10లో ఈ హద్దు తీసేసే సెట్టింగు ఒకటుంది కానీ, ఏ ప్రోగ్రాముకు ఆ ప్రోగ్రాము కూడా ఒప్పుకోవాలి. మా సాఫ్ట్‌వేర్ వయసుకు దాన్ని అడగడమే తప్పు.

ఫోల్డరు పేరు మళ్లీ "సివిల్" చేశాను. ఫైలు బుద్ధిగా తెరుచుకుంది. ప్రింటు తీసుకుని స్కూటరు మీద పరుగెత్తాను. తీరా పోతే కేసు వాయిదా పడింది. మన తప్పు కాదు, అవతలి లాయరు రాలేదు.

సార్ ఊరుకోలేదు. ఆ నెలలోనే విండోస్ బదులు లైనక్స్‌తో నడిచే చిన్న స్టోరేజీ పెట్టె, దాంట్లో కొత్త డాక్యుమెంట్ సాఫ్ట్‌వేర్ పెట్టించారు. లైనక్స్‌లో దారి పొడవుకు ఆ 260 బెడద లేదని విని గుమాస్తాగారి ముఖం వెలిగిపోయింది. ఫైళ్లన్నీ అందులోకి పంపడం మొదలుపెట్టాను. ఇంగ్లీషు పేర్లవి జలజలా పోయాయి. తెలుగు పేరు వచ్చేసరికి పేరు మరీ పొడుగని ఎర్రటి అక్షరాలు.

"మళ్లీ ఏమైందప్పా?"

ఆయనకు చెప్పడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది. ఒక్క ఫైలు పేరుకు విండోస్ 255 అక్షరాలిస్తుంది. లైనక్స్ అక్షరాలు లెక్కపెట్టదు, 255 బైట్లిస్తుంది. బైటంటే కంప్యూటరు సమాచారం దాచుకునే చిన్న కొలత. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు అక్షరానికి మూడు. పోనీ అక్షరమంటే మనం అనుకునే అక్షరమా? కాదు. గుడి వేరు, కొమ్ము వేరు, వత్తు కోసం పెట్టే పొల్లు వేరు. కాగితం మీద రాసి చూపించాను: "శ్రీ"లో శ ఒకటి, పొల్లు ఒకటి, ర ఒకటి, గుడిదీర్ఘం ఒకటి. నాలుగు మూళ్లు పన్నెండు బైట్లు. అదే ఇంగ్లీషులో రాస్తే మూడు.

"ఇంగ్లీషు శ్రీకి మూడు, తెలుగు శ్రీకి పన్నెండా!" అని ఆయన గర్వంగా నవ్వారు. తర్వాత లెక్క అర్థమై నవ్వు ఆగిపోయింది. "అంటే... మనకు 255లో ఎన్నొస్తాయి?"

"85, సార్."

మేనత్త ఫైలు పేరు ఇద్దరం కూర్చుని లెక్కపెట్టాం. ఆయన వేళ్ల మీద, నేను క్యాలిక్యులేటరు మీద. పీడీఎఫ్‌తో కలిపి విండోస్ లెక్కకు 134 అక్షరాలు, లైనక్స్ లెక్కకు 362 బైట్లు. రెండుసార్లు చూసినా అంతే. ఖాళీలకు మాత్రం ఒక్కో బైటే అంటే, ఖాళీ పదహారు సార్లు వచ్చింది కదా, దానికైనా కొంచెం తగ్గించరా అని అడిగారు. తగ్గించాకే 362.

ఆయన లేచి కిటికీ దగ్గరికి పోయారు. కాసేపటికి అన్నారు: "1953లో మనకు రాజధాని వచ్చె, 1956లో పాయె. తుంగభద్ర నీళ్లలో వాటాకు కొట్లాడితిమి. ఇప్పుడు ఫైలు పేరులో కూడా మనకు మూడో వంతేనా?"

నేనేం చెప్పేది? విండోస్‌కు ముందు డాస్ రోజుల్లో ఎవరికైనా ఎనిమిదక్షరాలే సార్, విండోస్ 95 వచ్చాకే ఈమాత్రం పెద్ద పేర్లు అన్నాను ఓదార్పుగా.

"అప్పుడు మాది టైపు మిషను. దానికి హద్దు రిబ్బనే."

చివరికి కొత్త సాఫ్ట్‌వేర్‌లో దారి దొరికింది. ఫైలుకు ఒక నంబరు పెట్టి, కథంతా పక్కన వివరణ గడిలో రాసుకోవచ్చు. ఆ గడిలో ఎంత పొడుగు రాసినా అడిగేవాడు లేడు. మేనత్త ఫైలు "47" అయింది. ఆయన తలూపారు. గొడవ వదిలిందని నేను మూడు వారాలు హాయిగా నిద్రపోయాను.

తర్వాతి వాయిదా నాడు సార్ అడిగితే 47 తెరిచాను. వివరణ గడిలో ఒకటే వాక్యం: "రిజిస్టరు 3, పేజీ 112 చూడుము."

"కంప్యూటరును నమ్మేది లేదబ్బీ," అని గుమాస్తాగారు స్టూలెక్కి, 2009 నాటి నీళ్ల మరకకు రెండు అడుగుల పైన కొత్తగా కొట్టించిన అరలోంచి, ఎర్ర గుడ్డ అట్టల రిజిస్టరు దించి నా చేతిలో పెట్టారు. అట్ట మీద దాని పేరు రాశారు. పై అంచు నుంచి కింది అంచు దాకా రాసినా పట్టక, మూలలో చిన్నగా "వెనుక చూడుము" అనుంది.