చీనీ మనది, సీసా ఎవరిది?

అనంతపురం పాతూరులో చిన్న జిన్ డిస్టిలరీ పెడతానని ఓ కుర్రాడు అంటే, "మనూర్లో ఇవన్నీ ఎందుకప్పా" అనేవాళ్లే ఎక్కువ. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ పెట్టాలి?

జిన్‌కు భారీ ఫ్యాక్టరీ అక్కర్లేదు. వాసన లేని స్పిరిట్‌ను పెద్ద డిస్టిలరీలో కొని, జిన్‌కు అసలు వాసననిచ్చే జునిపెర్ కాయలు, ధనియాలు, నారింజ జాతి తొక్కలు, వేర్లు నానబెట్టి, రాగి పాత్రలో మళ్లీ కాచి ఆవిరిని చల్లారిస్తే జిన్. విస్కీలా ఏళ్లకేళ్లు పీపాల్లో మగ్గించే పని లేదు కాబట్టి పెట్టుబడి త్వరగా తిరిగొస్తుంది. 2017 నుంచి గోవాలో వరసగా వచ్చిన క్రాఫ్ట్ (చిన్న మోతాదుల్లో చేసే) జిన్లు అలా మొదలైనవే.

ఇందులో జునిపెర్ ఒక్కటే హిమాలయాల నుంచో ఐరోపా నుంచో రావాలి. ధనియాలు కర్నూలు నల్లరేగడిలో పండుతాయి. నన్నారి వేరు రుచి ఎండాకాలం షర్బత్ తాగే ప్రతి సీమవాడికీ తెలుసు. ఇక చీనీ, అదే బత్తాయి! రైతు టన్నుల లెక్కన యార్డుకు తెస్తాడు, తూకంలో వ్యాపారి 'సూట్' పేరుతో తీసేసే బరువు భరిస్తాడు, ధర పడిపోతే కోత కూలి కూడా రాదని కాయను చెట్టుకే వదిలేస్తాడు. మచ్చ ఉందని వ్యాపారి పక్కకు తోసిన కాయ తొక్కలోనూ సువాసన నూనె ఉంటుంది. జిన్‌కు కావాల్సింది ఆ నూనే. ఒక్క డిస్టిలరీతో చీనీ ధర పెరగదు, ఒప్పుకుంటాను. కానీ సీసా మీద అనంతపురం చీనీ అని ఊరి పేరు పడితే, ఆ పేరుకు వచ్చే ధరలో రైతు వాటా అడగగలడు.

సారా వ్యతిరేక ఉద్యమం నడిపిన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లను మరిచావా అంటారు. మరవలేదు. 1992లో వాళ్లు తిరగబడింది కూలి డబ్బును సాయంత్రానికల్లా మింగేసే సారా మీద. ఇవాళ ఆ కూలివాడి ముందు 99 రూపాయల క్వార్టర్ పెట్టింది ప్రభుత్వ మద్యం విధానమే. నెలకు కొన్ని వందల సీసాలు తీసే ఖరీదైన జిన్ ఆ ఇంటి గడప తొక్కదు.

అడ్డం పడేది చట్టం. మద్యం రాష్ట్రాల జాబితాలోది. ఇక్కడ టోకు వ్యాపారమంతా ప్రభుత్వ బేవరేజెస్ కార్పొరేషన్ చేతిలో ఉంది. లక్షల కేసులు తీసే కంపెనీకి సరిపోయే ఆ ఏర్పాటులో చిన్న డిస్టిలరీ నిలవడం కష్టం. మహారాష్ట్ర 2001లో ద్రాక్ష విధానం తెచ్చాక నాసిక్ వైన్ ఊరైంది. గోవా 2016లో ఫెనీని వారసత్వ పానీయంగా ప్రకటించింది. దారి చూపాల్సింది ప్రభుత్వమేనని రెండుచోట్లా తేలింది.

నా అసలు బాధ జిన్‌తో ఆగదు. మంగంపేట ముగ్గురాయి తవ్వేది ఇక్కడ, ఎక్కువగా వాడేది విదేశీ చమురు బావుల్లో. చీనీ లారీలు ఉత్తరాదికి పోతాయి. కోస్తా, సీమ నాయకులు కుదుర్చుకున్న 1937 శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచి సీమ నీళ్ల వాటా అడుగుతూనే ఉంది. పండించిన దానిపై వచ్చే లాభంలో వాటా గట్టిగా అడగనే లేదు. ఇప్పటి మద్యం విధానం గడువు 2026 సెప్టెంబరు. ఏటా ఇన్ని లీటర్లకు మించకూడదన్న పరిమితితో చిన్న డిస్టిలరీ లైసెన్సు, తయారీ చోటనే అమ్ముకునే అనుమతి, స్థానిక రైతు నుంచే పండు కొనాలన్న షరతు: ఈ మూడూ కొత్త విధానంలో పెట్టించే పూచీ సీమ ఎమ్మెల్యేలదే.