కాలు కుళ్లాక తెరుచుకునే తలుపు

అమెరికాలో బీమా లేని మనిషి కుళ్లిన కాలితో వస్తే అత్యవసర విభాగం కాదనలేదు. డబ్బుందా లేదా అని చూడకుండా ముందు ప్రాణం నిలబెట్టాలన్నది 1986 నాటి చట్టం. అదే మనిషి రెండేళ్ల ముందు, నాలుగు అడుగులు వేస్తే పిక్కలు పట్టేస్తున్నాయని వెళ్లి ఉంటే ఆ చట్టం అక్కరకు రాదు.

కాలి ధమనులు పూడుకుపోతున్నాయని కనిపెట్టడం పెద్ద విద్యేమీ కాదు. చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో భాగిస్తారు, 0.90 కంటే తగ్గితే జబ్బు ఉన్నట్టే. ఆ తర్వాత కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, రక్తం గడ్డకట్టకుండా మందు, పొగ మానడం, పద్ధతి ప్రకారం నడక. వీటన్నిటికీ ఒక వైద్యుడు ఏళ్ల తరబడి వెంట ఉండాలి. బీమా అంటే అసలు ఆ తోడే. అది లేనివాడు పుండు పడ్డాకే, గ్యాంగ్రీన్ ముదిరాకే వైద్యుడి కంట పడతాడు. అప్పటికి స్టెంటుకూ బైపాస్‌కూ అదను దాటిపోతుంది, కాలు తీసేయడమే మిగులుతుంది.

పేదలకు ప్రభుత్వమిచ్చే బీమా మెడికెయిడ్. దాన్ని మరింత మందికి విస్తరించాలా వద్దా అన్నది 2012లో సుప్రీంకోర్టు రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. టెక్సాస్, అలబామా, మిసిసిపి నేటికీ ససేమిరా అంటున్నాయి. పిల్లలు లేని, వైకల్యం ముద్ర పడని 50 ఏళ్ల మనిషికి టెక్సాస్‌లో పైసా ఆదాయం లేకున్నా మెడికెయిడ్ రాదు. మధుమేహం ఎక్కువగా ఉన్నదీ ఈ దక్షిణాదిలోనే.

65 దాటిన దాదాపు అందరికీ మెడికేర్ అనే ప్రభుత్వ బీమా ఉంది కదా, అందులోనూ నల్లజాతివారే ఎక్కువగా కాళ్లు పోగొట్టుకుంటున్నారు కదా, ఇక బీమాను ఆడిపోసుకోవడం ఎందుకని కొందరి వాదన. వివక్ష, పొగ, మధుమేహం పాత్ర కాదనను. కానీ ధమని 65వ పుట్టినరోజున పూడటం మొదలుపెట్టదు. అంతకుముందు వైద్యం అందని ముప్పై ఏళ్ల లెక్క ఆ కార్డు ఇచ్చిన రోజున చెరిగిపోతుందా?

అసలు దోషం ఇంకా లోతున ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జీతాల పెంపును నియంత్రించినప్పుడు యజమానులు కార్మికులకు బీమాను ఎర వేశారు. నాటి సర్దుబాటు నేటికీ రాజ్యమేలుతోంది. నిలబడి పనిచేసేవాడికి కాలు మొరాయిస్తే కొలువు పోతుంది, దానితోపాటే బీమా. పనిచేయలేనని రుజువు చేసుకుని భృతి సంపాదించినా, మెడికేర్ కోసం ఇంకో 24 నెలలు ఆగాలి. మూత్రపిండాలు విఫలమైనవారికి వయసుతో పనిలేకుండా 1972లోనే మెడికేర్‌లో చోటిచ్చారు. కాళ్లకు రక్తం అందనివారికి ఆ వెసులుబాటు నేటికీ లేదు.