ఎదురెక్కే చేప చచ్చిపోదు బావా

నాలుగు రోజుల్లో ఇదే మెసేజ్ ఐదు గ్రూపుల్లో వచ్చింది. కాలనీ గ్రూపు, ఆఫీసు గ్రూపు, టెన్త్ బ్యాచ్ గ్రూపు, ఇంకోటి గుర్తులేదు, నిన్న రాత్రి మా బావ ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టి కింద "ఆదివారం హిమాయత్‌సాగర్ గేట్ల దగ్గరికి పోదామా" అని రాశాడు, హైదరాబాద్ పక్కన ఆ జలాశయం దగ్గర చేపలు పట్టడానికన్నమాట. "వానాకాలం చేపల గురించి ఎవరూ చెప్పని 6 నిజాలు" అట. వాన నీటికి ఎదురెక్కే చేప గుడ్లు పెట్టాక ఎలాగూ చచ్చిపోతుంది కాబట్టి పట్టుకున్నా తప్పులేదు, ఒక్క చేప లక్షల గుడ్లు పెడుతుంది కాబట్టి ఎంత పట్టినా తరగవు, ప్రభుత్వమే కోట్ల పిల్లల్ని వదులుతోంది, చేపకి జ్ఞాపకం మూడు సెకన్లే, కొరమీను పట్టాలంటే పిల్లల గుంపు ఎక్కడుందో చూసి అక్కడ గాలం వెయ్యి, అసలు నష్టం మురికి నీళ్ల వల్ల, ఆనకట్టల వల్ల తప్ప నీ గాలం వల్ల కాదు. ఇవీ ఆరు.

మూడు సెకన్ల సంగతి ముందు తీసేద్దాం. గాలానికి ఒకసారి తగిలి తప్పించుకున్న బంగారు తీగ మళ్లీ గాలం జోలికి నెలల తరబడి రాదని చెరువులో వదిలి మరీ చూశారు. అయిపోయింది.

ఎదురెక్కే చేప చచ్చిపోతుందన్నది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది. పసిఫిక్ సముద్రం నుంచి నదుల్లోకి ఎక్కే సాల్మన్ గుడ్లు పెట్టి చచ్చిపోతుంది, ఆ వీడియో ఎవడో చూసి మన రవ్వకీ బొచ్చెకీ అంటగట్టాడు. మనవి అలా చావవు. కొత్త నీళ్లు రాగానే లోతు తక్కువున్న చోటు వెతుక్కుంటూ ఎదురెక్కుతాయి, గుడ్లు పెట్టి వెనక్కొస్తాయి, వచ్చే ఏడాది మళ్లీ ఎక్కుతాయి. గేటు దగ్గర అంత సులువుగా ఎందుకు దొరుకుతాయంటే పైకి పోలేక అక్కడక్కడే తిరుగుతుంటాయి కాబట్టి. పోయినేడు నేనూ వెళ్లా చూడటానికి. దోమతెరలు పట్టుకుని దిగారు జనం. ఒక పిల్లాడు పాలిథిన్ కవరు ఎత్తి చూపించాడు, నిండా బొటనవేలంత చేపలు, ఏ రకమో చెప్పడానికి కూడా వీల్లేనంత చిన్నవి. ఏం చేస్తావురా అంటే చూసుకోడానికి అన్నాడు, ఇంకో పది నిమిషాలకి ఆ కవరు గట్టు మీద పడేసి ఉంది.

లక్షల గుడ్లు నిజమే, పెద్ద రవ్వ లక్షల్లోనే పెడుతుంది. అన్ని పెట్టేది అన్నీ బతుకుతాయని కాదు, దాదాపు అన్నీ పోతాయి కాబట్టి. అందులో మిగిలేవి వేళ్ల మీద లెక్క, అవి పెరిగి పెద్దయి కడుపు నిండా గుడ్లతో ఎక్కేటప్పుడే మనం వల వేస్తే అది విత్తనం వడ్లు దంచుకుని తినడం కాక ఏంటి?

ప్రభుత్వం వదిలే పిల్లల గురించి. 2016 నుంచి వదులుతున్నారు, మత్స్యకార సంఘాల వాళ్లకి దానివల్ల మేలు జరిగింది, కాదనను. కానీ ఏ పిల్లలు? బొచ్చె, రవ్వ, మృగాల, బంగారు తీగ. వాలుగ ఎవరు వదుల్తున్నారు? బొమ్మిడాయి, చేదు పరక ఎవరు వదుల్తున్నారు? వాలుగ ఇప్పటికే ప్రపంచవ్యాప్తంగా ప్రమాదంలో ఉన్న చేపల లెక్కలో ఉంది. పైగా ఆ రవ్వ కూడా చెరువులో కట్టేస్తే తనంతట తాను గుడ్లు పెట్టదు, 1957 జులై 10న ఒడిశాలో హార్మోను ఇంజక్షన్‌తో పెట్టించిన తర్వాతే చేప పిల్లల్ని పుట్టించే ఈ హేచరీలన్నీ వచ్చాయి. తర్వాత భువనేశ్వర్‌లోని సీఫా అనే మంచినీటి చేపల పరిశోధన సంస్థ వాళ్లు బాగా పెరిగే జయంతి రోహు (రోహు అంటే రవ్వే) తయారు చేయాలనుకున్నప్పుడు ఎక్కడికి వెళ్లారు? గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల రోహులు తెచ్చుకున్నారు. నదిలో చేప లేకపోతే హేచరీకి కూడా రేపు దిక్కులేదు.

ఇక కొరమీను. నాకు కోపం వచ్చింది దీని మీదే, మిగతా ఐదూ రాయకపోయినా ఇది రాసేవాణ్ణి. మన తెలంగాణ రాష్ట్ర చేప అది. రామ్‌నగర్ మార్కెట్లో టబ్బులో బతికుండగానే అమ్ముతారు కదా, రవ్వ అయితే ఎప్పుడో చచ్చేది, ఇది పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి ఉంటుంది. ఆ అలవాటు పిల్లలకీ ఉంటుంది. తొలి వానలకి చెరువు అంచున తుంగ, నాచు మధ్య నీళ్లు చిన్నగా మరుగుతున్నట్టు కనిపిస్తే దగ్గరికి పోయి చూడండి, ఎర్రగా దారప్పోగుల్లాంటి పిల్లలు వందలు వందలు ఒకే ఉండలా పైకొచ్చి గాలి తీసుకుని మళ్లీ కిందికి దిగుతాయి. వాటి కిందే తల్లీ తండ్రీ ఇద్దరూ ఉంటారు. వారాల తరబడి కాపలా. కప్ప వచ్చినా, పాము వచ్చినా, ఇంకో చేప వచ్చినా మీద పడతాయి. ఆకలితో కాదు, పిల్లల దగ్గరికి వచ్చిందని.

ఈ మెసేజ్ చెప్పేది ఏంటంటే, ఆ గుంపు మధ్యలో కప్పని గుచ్చి గాలం వెయ్యి, గ్యారంటీగా పడుతుంది అని. పడుతుంది, ఎందుకు పడదు! మొదటిది పడ్డాక మళ్లీ అక్కడే వెయ్యి, రెండోది కూడా పడుతుంది అని కూడా రాశాడు, ఆ లైను చదివి ఫోన్ పక్కన పడేశా. ఇద్దరూ పోయాక ఆ ఉండ కాసేపు అలాగే తిరుగుతుంది, తర్వాత చెదిరిపోతుంది, పరకల దగ్గర్నుంచి కొంగల దాకా అన్నిటికీ మేతే. రవ్వలా లక్షలు కాదు, కొరమీను పెట్టేది వేలల్లోనే, కాపలా కాసి బతికించుకోవాలి కాబట్టే అంత కాపలా. రెండు చేపలకి ఒక కాన్పు మొత్తం పోయింది. దీన్ని "చిట్కా" అంటారా? ఎవరు రాశారో తెలీదు కానీ ఫార్వర్డ్ చేసిన ప్రతి ఒక్కరినీ నేను అడుగుతున్నా, ఆ పాయింటు చదివే పంపారా?

ఆరోది మాత్రం, ఒప్పుకుంటున్నా, నిజం. నాకు ఇష్టం లేకపోయినా నిజం. మూసీలోకి మనం వదిలే మురికి ముందు వంద గాలాలు కూడా లెక్కలోకి రావు. సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురెక్కే పులస ధవళేశ్వరం దగ్గరే ఆగిపోతుంది, 1852లో అక్కడ ఆనకట్ట కట్టినప్పుడు దానికి దారి గురించి ఎవరు ఆలోచించారు? ఆదివారం గాలం వేసుకుని కూర్చునేవాడి మీద అరిచి, డ్రైనేజీ పైపు గురించి మాట్లాడకపోతే అది నాలాంటి వాళ్ల తప్పే. కానీ అంత మురికి తట్టుకుని, ఇన్ని గేట్లు అడ్డున్నా మిగిలిన నాలుగు చేపలు ఎక్కుతుంటే ఈ రెండు నెలలైనా వదిలేయమనే కదా అడుగుతున్నది. చేప తినొద్దని ఎవరన్నారు? మృగశిర కార్తె నాడు మేమూ తిన్నాం, కైకలూరు, భీమవరం వైపు చెరువుల నుంచి లారీల్లో వచ్చిన బొచ్చె, ఇంట్లో అందరికీ సరిపోయింది.

బావా, ఆదివారం వస్తా. అక్కని, పిల్లల్ని కూడా తీసుకురా, గేట్లు తెరిచాక ఈసీ నదిలోకి నీళ్లు దూకడం వాళ్లు చూడలేదు. వల మాత్రం కార్లో పెట్టకు.